బీరువాలో బిట్లు, చీరాల బట్ట, ఒంగోలు కుట్టు

మా కంపెనీ క్వారీ చీమకుర్తిలో, ఆఫీసు ఒంగోల్లో. చీమకుర్తి రాయి సంగతి మా జిల్లావాళ్లకు చెప్పనక్కర్లేదు. నల్లటి రాయిలో బంగారు రంగు చుక్కలు మెరుస్తాయి, గెలాక్సీ అంటారు. దాన్ని చూసి ఎంచుకోవడానికి దేశదేశాల నుంచి వ్యాపారులు వస్తుంటారు. నాది మొన్నటిదాకా బిల్లుల పని: లారీలు, వేబ్రిడ్జి చీటీలు, పర్మిట్లు. జీన్సు, టీషర్టు వేసుకొని క్వారీకి పోతే సాయంత్రానికి అన్నీ దుమ్ము రంగులోకి తిరిగేవి. బట్టల గురించి ఆలోచించే అవసరం పడలేదు.

పోయిన సంక్రాంతి దాటాక మా సారు పిలిచి, "ఇకనుంచి బయ్యర్లు వస్తే సైజులూ లెక్కలూ నువ్వే కూర్చొని చెప్పాలయ్యా. వాళ్ల ముందు కూర్చునేటట్టు తయారై రా" అన్నారు. పని పెరిగింది, జీతం అప్పటికి పెరగలేదు. ఇంటి అద్దె, బైకు కిస్తీ, అమ్మ మందులు పోను బట్టలకని నేను పక్కన పెట్టగలిగింది 15,000 రూపాయలు. ఆ డబ్బులోనే ఎట్టా తయారయ్యానో రాస్తున్నాను. మా వైపు కుర్రాళ్లు ఎవరైనా ఇదే అవసరంలో ఉంటే పనికొస్తుంది.

నాకు కావలసింది ఫ్యాషన్ కాదు. చీలమండ పైకి పోయే ప్యాంట్లు, ఒంటికి అతుక్కునే చొక్కాలు ఏడాదికోసారి మారిపోతాయి. వాటి వెంట పడితే జీతమంతా వాటికే. నేను కోరుకున్నది ఎప్పటి ఫోటోలో చూసినా బాగుందనిపించే పద్ధతి. తెల్లదో లేత నీలందో చొక్కా, బూడిదరంగు ప్యాంటు, నేవీ బ్లూ కోటు, తోలు బూట్లు, అంతే. ఇందులో కళ్లు చెదిరే వస్తువు ఒక్కటీ ఉండదు. భుజం కుట్టు భుజం మీదే ఉండాలి, కాలరు మెడ చుట్టూ కుదురుగా కూర్చోవాలి, ప్యాంటు మడత కిందిదాకా నిలబడాలి. మా ఊరి హైస్కూల్లో హెడ్మాస్టరు గారొకాయన ఉండేవారు. ఆయనకు ఉన్నవి నాలుగైదు జతలే. కానీ ఏ రోజు చూసినా గంజిపెట్టిన తెల్ల చొక్కా, ఒక్క ముడత లేని ప్యాంటు, పాలిష్ చేసిన బూట్లు. పెద్ద పెద్ద భూస్వాములు ఖరీదైన సిల్కు లాల్చీల్లో వచ్చినా మా కళ్లు ఆయన మీదే ఉండేవి. సారు మాట విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆయనే.

మొదట కర్నూలు రోడ్డులో పెద్ద షోరూములు చూశాను. ఒక మాదిరి చొక్కా 1,900, ప్యాంటు 2,500. రెండు జతలు కొంటే నా డబ్బు సగానికి పైగా పోతుంది. పోనీ అంత పెట్టి కొన్నా ఒంటికి కుదురుతుందా అంటే అదీ లేదు. రెడీమేడ్ చొక్కా ఛాతీ కొలతను బట్టి ఉంటుంది. 40 ఛాతీ వాడికి భుజం ఇంత, చెయ్యి ఇంత, నడుము ఇంత అని ఫ్యాక్టరీ వాళ్లే ఒక అంచనా కట్టుకుంటారు. నాకు భుజాలు వెడల్పు, నడుము సన్నం, చేతులు పొడుగు. భుజానికి సరిపోయేది తీసుకుంటే పొట్ట దగ్గర సంచిలా ఊగుతుంది. పొట్టకు సరిపోయేది తీసుకుంటే మణికట్టు బయటికొస్తుంది. అంతకుముందు ఒక షోరూములో కొన్న తెల్ల చొక్కా ఇంకా ఇంట్లోనే ఉంది. కొద్ది ఉతుకులకే కాలరు మీద బుడగలు లేచాయి. కాలరు లోపల పెట్టే బకరాన్ని జిగురుతో అంటిస్తారు, ఆ జిగురు నాసిది అయితే వేడికీ నీళ్లకూ ఊడిపోయి పైబట్ట అట్టా ఉబ్బుతుంది. ఇస్త్రీ ఎంత నొక్కినా పోదు.

లండన్‌లో సావిల్ రో అని ఒక వీధి ఉంది. కొలతలిచ్చి సూట్లు కుట్టించుకునేవాళ్లకు దాదాపు 200 ఏళ్లుగా అదే కాశీ. అక్కడ ఒక సూటుకు వేల పౌండ్లు తీసుకుంటారు. మనిషిని నిలబెట్టి కొలిచి, అతని ఒంటికే కత్తిరించి, మధ్యలో వేసి చూసి సరిచేయడమే ఆ ధరకు మూలం. ఒంగోల్లో అదే పని చేసే మనిషికి చొక్కాకు 450, ప్యాంటుకు 600 ఇస్తే చాలు. ఆ కుట్టుకూ ఈ కుట్టుకూ తేడా లేదని అనను. కానీ నా కొలతలకు, నేను అడిగినట్టు, నా కళ్లెదుట కత్తిరించే మనిషి నాకు నడిచిపోయే దూరంలో ఉన్నాడు. షోరూము బయట నిలబడి ఈ లెక్క వేసుకున్నాక ఇంక లోపలికి పోలేదు.

బట్ట ఎక్కడ తేవాలి అన్నదానికి మొదటి జవాబు మా ఇంట్లోనే దొరికింది. మన ఇళ్లలో పెళ్లికీ గృహప్రవేశానికీ బట్టలు పెడతారు కదా. ప్యాంటు బిట్టు, చొక్కా బిట్టు, మూలన కాస్త పసుపు. అవి బీరువాలో చేరుతాయి, మళ్లీ ఎవరింట్లోనో శుభకార్యం వస్తే అటు పోతాయి. ఊళ్లో అమ్మ బీరువా తీయిస్తే పై అరలో ఒక కట్ట బయటపడింది. "అవి ఎవరికన్నా పెట్టడానికి దాచానురా నాయనా" అంది. కూర్చొని ఒక్కొక్కటీ విప్పి చూశాం. అట్టపెట్టెలో మెరిసిపోతూ ఉన్నవి పక్కన పెట్టేశాను. మెరుపుగీతలు, ముదురు వంకాయరంగు, తళతళలాడే గోధుమరంగు ఇవేవీ నాకు పనికిరావు. అడుగున బూడిదరంగు ప్యాంటు బిట్టు ఒకటి, బిస్కెట్ రంగుది ఇంకొకటి, సాదా తెల్ల చొక్కా బిట్టు ఒకటి దొరికాయి. ఎవరూ వాటి వైపు చూడకపోవడానికి కారణం అవి మరీ సాదాగా ఉండటమే. మీ ఇంట్లో కూడా కట్ట అడుగున ఉన్నవే ముందు చూడండి.

ఆ బిట్లు పట్టుకొని మా టైలరు మాస్టారి దగ్గరికి పోయాను. గాంధీ రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో ఆయన దుకాణం, రెండు మిషన్లు, ఒక కటింగ్ బల్ల. వయసులో పెద్దాయన. కుర్రతనంలో మద్రాసులో కోటు కుట్టు నేర్చుకొని వచ్చారు. మా నాన్న పెళ్లి ప్యాంటు కూడా ఆయన కుట్టిందే.

ఆయన బిట్లను చేత్తో నలపలేదు, వెలుగులో పెట్టి చూడలేదు. అంచు నుంచి నాలుగు పోగులు లాగి, మెలిపెట్టి, అగ్గిపుల్ల వెలిగించి అంటించారు. తెల్లబట్ట పోగు సర్రున అంటుకొని కాగితం కాలిన వాసన వేసింది, మిగిలింది వేళ్లకు అంటుకునే మెత్తటి బూడిద. "ఇది అచ్చ నూలు." బూడిదరంగు బిట్టు పోగు కాలుతూనే ముడుచుకుపోయి కొసన నల్లటి పూస కట్టింది, కానీ చుట్టూ కొంచెం బూడిద కూడా రాలింది. "పాలిస్టరు, విస్కోసు కలిపింది. ప్యాంటుకు పర్లేదు, మడత నిలబడుద్ది." విస్కోసు కలప గుజ్జు నుంచి తీసే పోగు, ఆ బూడిద దానిదే. బిస్కెట్ రంగుదీ అంతే. ఉత్త పాలిస్టరయితే బూడిద రాలదు, పూసే మిగులుతుంది. చొక్కాకు అట్టాంటిది తెస్తే కుట్టనని చెప్పారు, మన ఎండలకు అది ఒంటికి చెమట అంటించి పెడుతుందట. నిజమే, నేను వేసుకొని అనుభవించినదే. అప్పటినుంచి ఏ బట్ట కొన్నా అంచు పోగు అడిగి కాల్చి చూస్తున్నాను. మంచి దుకాణంవాళ్లు కాదనరు.

ఇంకో మూడు చొక్కాలకూ ఒక ప్యాంటుకూ బట్ట కావాలి. "చీరాల పో అబ్బాయ్" అన్నారు మాస్టారు. 2022 ఏప్రిల్లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు చీరాల మా ప్రకాశం నుంచి బాపట్ల జిల్లాలోకి వెళ్లింది గానీ, బట్టల కోసం మా జనం ఇంకా అటే పోతారు. రైలెక్కితే అమ్మనబ్రోలు, ఉప్పు కయ్యల చినగంజాం, మగ్గాల వేటపాలెం, ఆ తర్వాత చీరాల. బట్టల మార్కెట్లో దుకాణం పక్కన దుకాణం, గోడలనిండా తానులు.

అక్కడ మీటరు ఎంత అని మాత్రమే అడిగితే లెక్క తప్పుతుంది. ముందు పన్నా, అంటే బట్ట వెడల్పు, అడగాలి. 36 అంగుళాల పన్నా బట్టయితే నా సైజు ఫుల్ చేతుల చొక్కాకు రెండున్నర మీటర్లు కావాలి. 58 అంగుళాల పన్నాలో 1.6 మీటర్లు సరిపోతుంది. కాబట్టి మీటరు 180 రూపాయల సన్నపన్నా బట్ట చొక్కాకు 450 పడుతుంది, మీటరు 260 చెప్పిన పెద్దపన్నా బట్ట 416కే వస్తుంది. ఎక్కువ రేటు చెప్పినదే చివరికి చవక. దుకాణంలో కుర్రాడు నా ముందు ఏవేవో పువ్వుల డిజైన్లు పరుస్తుంటే, "తమ్ముడూ, సాదావి చూపించు" అని మళ్లీ మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

నేను తీసుకున్నవి: నున్నగా ఉండే తెల్ల పాప్లిన్, కాస్త గరుకుగా కనపడే లేత నీలం ఆక్స్‌ఫర్డ్, తెలుపు మీద సన్నటి నీలిచారలది. ఆక్స్‌ఫర్డ్ నేతలో రంగుపోగూ తెల్లపోగూ కలిసి ఉంటాయి కాబట్టి దగ్గరికి చూస్తే చిన్న చిన్న గళ్లలా, దూరానికి ఒకే రంగులా ఉంటుంది. టై లేకుండా వేసుకున్నా నిండుగా ఉంటుంది. మూడింటికీ కలిపి 1,300 అయ్యింది. ముదురు బూడిదరంగు ప్యాంటు బట్ట 1.2 మీటర్లు, 540. తాను చివర మిగిలిన ముక్కలు ఒక బల్ల మీద వేరే పోసి ఉంచుతారు, వాటిలో ఓపిగ్గా వెతికితే ఇంకా తక్కువకు దొరుకుతాయి. కాకపోతే కొనేముందు పూర్తిగా విప్పి, ఎక్కడా మరక, పోగు తెగిన చోటు లేకుండా చూసుకోవాలి.

ఇంటికి తెచ్చాక నూలు బట్టలన్నీ రాత్రంతా బకెట్లో నానబెట్టి, పిండకుండా నీడన ఆరేసి, ఇస్త్రీ చేయించి అప్పుడు కుట్టుకు ఇచ్చాను. నూలు మొదటి నీళ్లకే కుంచించుకుంటుంది. నానబెట్టకుండా కుట్టిస్తే ఎంత బాగా కొలిచినా ఉతికాక చేతులు పొట్టిగా అవుతాయి. చాలామంది కుట్టినాయన్ని తిట్టేది ఈ కారణంగానే.

కొలతల దగ్గర మాస్టారు నన్ను అద్దం వైపు తిరగనివ్వలేదు. నేను ఊపిరి బిగబట్టి, ఛాతీ ముందుకు పెట్టి నిలబడితే, "గుండె విరుచుకోబాక అబ్బాయ్. ఆఫీసులో ఎట్టా నిలబడతావో అట్టానే నిలబడు. చొక్కా వేసుకునేది ఆ మనిషే" అన్నారు. భుజం ఎముక చివర వేలు పెట్టి తడిమి, అక్కడి నుంచి అక్కడికి టేపు పట్టారు. కుడి భుజం ఎడమదానికన్నా కొంచెం కిందికి ఉందని చీటీలో రాసుకున్నారు. ఇన్నేళ్లలో నేను గమనించని సంగతి. చెయ్యి మడిచి మణికట్టు ఎముక దాకా కొలిచారు. చెయ్యి చాపి కొలిస్తే బల్ల మీద రాసేటప్పుడు కఫ్ మోచేతి వైపు పాకుతుందట. మెడకు టేపు చుట్టి తన వేళ్లు రెండు లోపల పెట్టి బిగించారు. ఆ రెండు వేళ్ల సందు ఉంటేనే పై గుండీ పెట్టుకొని టై కట్టినా ఊపిరి ఆడుతుంది.

కాలరు విషయంలో నేనొక మాట అడిగాను. కొనలు మరీ పొట్టిగా ఉన్న కాలరు ఇప్పుడు నడుస్తోంది, అది కోటు వేసుకుంటే బయటికి లేచి నిలబడుతుంది. కొనలు 2.75 అంగుళాలు పెట్టమన్నాను, కోటు కాలరు కింద దాక్కునేటట్టు. ఆయనకు ఈ మాట బాగా నచ్చింది. మిగిలిన బట్టలోంచి ఒక్కో చొక్కాకూ ఇంకో జత కఫ్‌లు కత్తిరించి దాచి ఇచ్చారు. "కాలరు అరిగితే తీసుకురా, తిప్పి కుట్టి ఇస్తా" అన్నారు. అరిగేది మడత మీద పైవైపే. కుట్టు విప్పి అదే కాలరును తిరగేసి కుడితే అరిగిన వైపు లోపలికి పోతుంది, చొక్కాకు ఇంకో రెండేళ్ల ఆయుష్షు. మా నాన్న తరంలో ఇది అందరూ చేయించుకున్నదే.

ప్యాంటు నడుము మాత్రం ఆయనా నేనూ కాసేపు మాట్లాడుకున్నాం. నాకు అలవాటు తుంటి మీద నిలబడే ప్యాంటు. అది కూర్చున్నప్పుడల్లా చొక్కాను బయటికి లాగుతుంది. బొడ్డు కింద రెండు వేళ్ల దూరంలో నడుము పెట్టి, ముందు ఒక్క ప్లీటు వేసి, బాటమ్ చుట్టుకొలత 16 అంగుళాలు పెట్టారు. పొడవు బూటు మీద పడి ఒక్క చిన్న మడత పడేంత. ఆ నడుము ఎత్తు వల్ల నా కాళ్లు పొడుగ్గా కనిపించాయి, చొక్కా రోజంతా లోపలే ఉంది. వెనక కుట్టులో అంగుళమున్నర మార్జిన్ వదిలారు, ఒళ్లు వస్తే విప్పుకోవచ్చు. రెడీమేడ్‌లో ఆ మార్జిన్ అంత ఉండదు.

ఇక కోటు. కొత్తది కుట్టించాలంటే బట్ట, అస్తరు, కుట్టుకూలి కలిపి నా డబ్బంతా అక్కడే అయిపోయేది. కందుకూరులో మా బాబాయి దగ్గర ఆయన పెళ్లినాటి నేవీ బ్లూ కోటు ఉందని తెలుసు. ఫోన్ చేస్తే, "అది నాకు ఇంక పట్టదురా, వచ్చి తీసుకుపో. మీ పిన్ని కలరా ఉండలు వేసి దాచింది" అన్నాడు. వేసుకొని చూశాను. భుజాలు సరిగ్గా కూర్చున్నాయి. పాత కోటు ఎవరిచ్చినా ముందు చూడాల్సింది ఈ ఒక్కటే. నడుము తగ్గించొచ్చు, చేతులు కురచ చేయొచ్చు, గుండీలు మార్చొచ్చు. భుజం మాత్రం విప్పితే కోటంతా విప్పినట్టే. భుజం కుదరకపోతే ఉచితంగా ఇచ్చినా వద్దనండి.

మాస్టారు కోటు చేతిలోకి తీసుకోగానే ఆయన తీరే మారిపోయింది. లోపలి అంచు నుంచి పోగు తీసి కాల్చారు. వెంట్రుక కాలిన వాసన. ఉన్ని. తర్వాత ముందు భాగంలో గుండీల దగ్గర పైబట్టనూ అస్తరునూ రెండు చేతులతో పట్టుకొని విడదీసి, "ఈడ చెయ్యి పెట్టు" అన్నారు. రెండు పొరల మధ్య మూడోది ఒకటి విడిగా జారుతూ వేళ్లకు తగిలింది. అదే కాన్వాస్, కోటు ఆకారాన్ని నిలబెట్టే లోపలి బట్ట. ఇప్పటి చవక కోట్లలో దాని బదులు జిగురుపొర అంటిస్తారు, అందుకే అవి అట్టముక్కలా బిగుసుకొని ఉంటాయి, కొన్నాళ్లకు బుడగలు లేస్తాయి. కాన్వాస్ కుట్టినది మనిషి ఛాతీని బట్టి వంగి కూర్చుంటుంది. కాలరు మడత కింద వరసగా చిన్న చిన్న చేతి కుట్లు కూడా చూపించారు. "ఎవడో పనిమంతుడు కుట్టాడు దీన్ని" అని రెండుసార్లు అన్నారు. ఆయన ముఖంలో ఆ సంతోషం చూశాక ఈ పనికి ఇచ్చే డబ్బు నాకు ఖర్చులా అనిపించలేదు.

పక్క కుట్లలో నడుము తగ్గించారు, చొక్కా కఫ్ అర అంగుళం కనిపించేటట్టు చేతులు తగ్గించారు, బంగారు రంగు లోహపు గుండీలు తీసేసి కొమ్ములా కనిపించే ముదురు గోధుమరంగువి కుట్టారు. గుండీలు మార్చగానే పెళ్లి కోటు ఆఫీసు కోటు అయ్యింది. కూలి, గుండీలు కలిపి 1,320. దానికి ముందు ఒకసారి డ్రైవాష్. ఆ తర్వాత మళ్లీ ఇవ్వలేదు. డ్రైవాష్ ఎంత తక్కువయితే ఉన్నికి అంత మంచిది. వేసుకున్న రోజు సాయంత్రం బ్రష్‌తో దుమ్ము దులిపి, వెడల్పు హ్యాంగరుకు తగిలించి, గాలి తగిలే నీడలో ఉంచితే చాలు. ఇది మూడు గుండీల కోటు, మధ్యది మాత్రమే పెట్టుకుంటాను. అడుగు గుండీ ఎప్పుడూ పెట్టరు, కూర్చునేటప్పుడు అన్నీ తీసేస్తారు.

బూట్లకు 3,200 పెట్టాను, జాబితాలో అన్నిటికన్నా ఎక్కువ. ముదురు గోధుమరంగు డెర్బీ, అంటే లేసులు కట్టుకునే బూటు, అలంకారాలేమీ లేనిది. బూట్ల దగ్గర చవక చూసుకోవద్దని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే తోలు అని చెప్పి అమ్మే చాలావాటి మీద ప్లాస్టిక్ పూత ఉంటుంది. మడత పడే చోట వేలితో నొక్కి చూస్తే అసలు తోలు మీద సన్నటి గీతలు పుట్టి వదిలేయగానే పోతాయి. పూత వేసినది నొక్కినా నున్నగానే ఉంటుంది, కొన్నాళ్లకు అక్కడే పగులుతుంది. కొన్న మర్నాడే ట్రంకు రోడ్డు పక్కన కూర్చునే చెప్పులు కుట్టే ఆయన దగ్గర అడుగున పల్చటి రబ్బరు సోలు వేయించి చుట్టూ కుట్టించాను, 250. అసలు సోలు అరగదు, వానకు జారదు.

మా పనిలో బూట్లకు పెద్ద శత్రువు రాతిదుమ్ము. దాని మీదే పాలిష్ రాస్తే ఆ రవ్వలు తోలును గీసేస్తాయి. ముందు తడిపిండిన గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, పాత బనీను ముక్కతో పాలిష్ పల్చగా రాసి, కాసేపాగి బ్రష్ కొడతాను. లోపల న్యూస్‌పేపర్ ఉండ చుట్టి పెడితే చెమట పీల్చుకుంటుంది, ఆకారం నిలబడుతుంది. ఒక రోజు వేసుకుంటే ఒక రోజు విశ్రాంతి ఇవ్వాలి. ఆ మధ్యరోజు నా పాత నల్లబూట్లు.

బెల్టు బూట్ల రంగులోనే తీసుకున్నాను, 600. సాక్సులు ప్యాంటు రంగువి, పిక్క దాకా వచ్చేవి, కూర్చుంటే కాలు కనపడకుండా. నేవీ బ్లూ టై ఒక్కటి, కొన బెల్టు బకిలు దగ్గరికి రావాలి. బ్రష్‌లు, పాలిష్ డబ్బాలు, అన్నీ కలిపి చూసుకుంటే మొత్తం 12,000 కొంచెం దాటింది. నాలుగు చొక్కాలు, మూడు ప్యాంట్లు, ఒక కోటు, ఒక జత బూట్లు. చొక్కాలన్నీ ప్యాంట్లన్నిటి మీదికీ నడుస్తాయి కాబట్టి పొద్దున్నే ఏది వేసుకోవాలన్న ఆలోచన ఉండదు.

ఇస్త్రీ సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే ఇంత చేసి అక్కడ వదిలేస్తే అంతా వృథా. మా వీధిలో ఇస్త్రీ బండి ఆయనది బొగ్గుల పెట్టె. బరువుగా ఉంటుంది కాబట్టి నూలుకు దానికి మించింది లేదు. చొక్కాలు పూర్తిగా ఎండకముందే, కాస్త తేమగా ఉన్నప్పుడే తీసుకుపోయి ఇస్తాను. కాలరు కొనల నుంచి మధ్యకు రుద్దమని అడిగాను, మధ్య నుంచి కొనలకు రుద్దితే కొసన ముడత పోగవుతుంది. ఆయన నవ్వి, "నాకు తెలుసులే అన్నా, అడిగేవాళ్లే లేరు" అన్నాడు. తెల్లవాటికి మాత్రం ఇంట్లోనే పల్చగా గంజి పెడతాను.

మొదటిసారి బయ్యర్లు వచ్చిన రోజు తెల్ల పాప్లిన్ చొక్కా, బూడిదరంగు ప్యాంటు, కోటు. ఆఫీసులో ఏసీ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. చీమకుర్తి బయలుదేరేటప్పుడు కోటు తీసి కారులో తగిలించి, బూట్లు విప్పి సేఫ్టీ షూ, హెల్మెట్ వేసుకొని, చొక్కా చేతులు మోచేతి దాకా మడిచాను. బట్టలు ఒంటికి కుదిరినప్పుడు వాటి ధ్యాస ఉండదు. చొక్కా లోపలికి దోపుకోవడం, ప్యాంటు పైకి లాక్కోవడం ఏమీ లేకుండా ఆ రోజంతా బ్లాకుల కొలతల మీదే మనసు పెట్టగలిగాను. సాయంత్రం మా సారు బట్టల గురించి ఒక్క మాట అనలేదు. తర్వాతి వారం వచ్చేవాళ్ల పేర్ల కాగితం నా బల్ల మీద పెట్టి వెళ్లారు.

ఎండాకాలం మాత్రం ఇదంతా సగం పక్కన పెట్టాల్సిందే. మేలో వడగాడ్పులు మొదలయ్యాక ఒంగోల్లో ఉన్ని కోటు ఎవరివల్లా కాదు. అప్పుడు కోటు, టై రెండూ బీరువాలోకి పోయాయి. ఆక్స్‌ఫర్డ్ చొక్కా, బిస్కెట్ రంగు ప్యాంటు, పాలిష్ చేసిన బూట్లు. అవి చాలు. హాఫ్ చేతుల చొక్కా మీద టై కట్టేవాళ్లను చూస్తుంటాను, నాకది నచ్చదు. ఫుల్ చేతులు శుభ్రంగా మడిచిన చొక్కా దానికన్నా ఎంతో బాగుంటుంది. చొక్కా లోపల నూలు బనీను వేసుకుంటే చెమట మచ్చలు పైకి రావు. మధ్యాహ్నానికి ఇంకో చొక్కా సంచిలో ఉంచుకుంటాను.

మాస్టారి దగ్గర పని నేర్చుకునేవాళ్లు ఇప్పుడు లేరు. కొడుకులిద్దరూ బెంగళూరులో ఉద్యోగాలు. రెండో మిషను పండగలప్పుడే నడుస్తుంది, మిగతా రోజుల్లో దాని మీద గుడ్డ కప్పి ఉంటుంది. ఆయన చేతిలో ఉన్నంత పని తెలిసినవాళ్లు మా ఊళ్లో ఇంకా కొందరున్నారు, వాళ్లలో చాలామంది ఇప్పుడు బతికేది రెడీమేడ్ ప్యాంట్లకు కింద మడతలు కుట్టి. నాకు ఇది బాధగా ఉంది. మా ఆఫీసులో కుర్రాళ్లను నేనే వెంటబెట్టుకొని తీసుకుపోతున్నాను, ఇప్పటికి కొందరు ఆయనకు రెగ్యులర్ అయ్యారు. తమ్ముడి పెళ్లికి కూడా రెడీమేడ్ షేర్వాణీ కాకుండా మెడదాకా గుండీలుండే బంద్‌గలా కోటు కుట్టించాలని ఇంట్లో ఒప్పించాను.

నా డబ్బులో మిగిలింది మూడు వేల లోపు. దానికి ఇంకొంచెం కలిపి వచ్చే ఎండాకాలానికి లినెన్ కోటు ఒకటి అనుకుంటున్నాం, లేత బూడిదరంగు, భుజాలకూ చేతులకూ తప్ప ఎక్కడా అస్తరు లేకుండా. కుట్టుకు 3,800 చెప్పారు. లినెన్ ముడతలు పడుతుంది, అది దాని స్వభావం, పోగొట్టాలని చూడకూడదు అన్నారు మాస్టారు. బట్ట నేనే చీరాల నుంచి తెస్తానన్నాను. "58 పన్నా చూసుకొని రెండుంబావు మీటర్లు తీసుకో, పెళ్లిళ్ల పని అయ్యాక ఉగాది తర్వాత రా" అని, నా కొలతల చీటీ వెనక ఆ లెక్క రాసి పెట్టుకున్నారు.